జుట్టు ఊడుతోందా? షాంపూ కొనేముందు వెంట్రుక కొస చూడండి

కనిగిరిలో మందుల షాపు కౌంటర్ దగ్గర నేను రోజూ వినే మాట: "జుట్టు ఊడకుండా మంచి షాంపూ ఇవ్వన్నా." ఏ షాంపూ అని చెప్పేముందు, ఊడిన వెంట్రుకను తెల్ల కాగితం మీద పెట్టి చూడమంటాను. ఒక కొసన చిన్న తెల్ల బుడిపె ఉంటే అది కుదురు నుంచి ఊడింది. బుడిపె లేకుండా పొట్టిగా ఉంటే మధ్యలో తెగింది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే.

మాడు దురద, గోరుతో గీరితే జిడ్డు పొట్టు

ఇది చుండ్రు. మాడు మీది నూనె తిని పెరిగే ఫంగస్ వల్ల వస్తుంది. మందు షాంపూ నిజంగా పనికొచ్చేది ఇక్కడే. కొద్దిపాటి చుండ్రుకు జింక్ పైరిథియోన్ ఉన్న షాంపూ చాలు. సెలీనియం సల్ఫైడ్ కూడా బాగా పనిచేస్తుంది గానీ, రంగు వేసిన జుట్టు, నెరిసిన జుట్టు రంగు మారొచ్చు. పొట్టు అట్టకట్టి ఉంటే సాలిసిలిక్ యాసిడ్ లేదా కోల్‌టార్. కోల్‌టార్ వాడేటప్పుడు ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది, మన ఎండల్లో జాగ్రత్త. నన్నడిగితే ముందు కీటోకొనజోల్ 2 శాతం, వారానికి 2 సార్లు, 4 వారాలు.

"వాడాను, తగ్గలేదు" అనేవాళ్లను అడిగితే ఎక్కువగా తేలేవి రెండే తప్పులు. నూనె తల మీదే మందు షాంపూ పోయడం ఒకటి. ముందు మామూలు షాంపూతోనో కుంకుడుకాయతోనో జిడ్డు వదిలించాలి. రెండోది, రాసిన వెంటనే కడిగేయడం. మునివేళ్లతో మాడుకు పట్టించి 3 నుంచి 5 నిమిషాలు ఉంచాలి. మన బోరు నీళ్లకు నురగ సరిగా రాదు, దాంతో మందు చాలలేదనుకుని ఇంకా వంపుతారు. మందు మాడుకు తగలాలి, కాసేపు ఆగాలి, అంతే. నురగతో పనిలేదు.

దువ్వెన నిండా ఒక్కసారిగా

రెండు మూడు నెలల వెనక్కి వెళ్లి గుర్తు చేసుకోండి: డెంగీ, టైఫాయిడ్, కాన్పు, ఆపరేషన్. బుడిపె ఉన్న వెంట్రుకలు ఇలా రాలితే షాంపూ ఏమీ చేయలేదు. చాలామందికి ఆరు నెలల్లో దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే థైరాయిడ్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) పరీక్షలు చేయించండి.

పాపిడి వెడల్పవడం, నుదురు పైకి జరగడం

ఇది వంశంలో వచ్చే బట్టతల. దీనికి మాడుకు రాసే మందు మినాక్సిడిల్. మొదటి వారాల్లో ఇంకా రాలితే భయపడి ఆపకండి, ఫలితానికి 4 నుంచి 6 నెలలు పడుతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. కీటోకొనజోల్ షాంపూ కూడా కొంత సాయపడవచ్చని 1998లో బెల్జియంలో జరిగిన ఒక చిన్న పరిశోధన చూపింది. దాన్ని నమ్ముకుని షాంపూతోనే సరిపెట్టుకోవద్దు.

మధ్యలో తెగుతుంటే

తడి జుట్టు దువ్వడం మానండి. బోరు నీళ్లతో తలస్నానం చేస్తే చివర ఒక చెంబు క్యాన్ నీళ్లు పోసుకోండి. మందు షాంపూ వద్దు, జుట్టును ఇంకా ఎండబెడుతుంది.

రూపాయి బిళ్లంత ఖాళీ

నున్నగా ఉంటే పేనుకొరుకుడు. ఒంట్లోని రోగనిరోధక శక్తే కుదుళ్ల మీద దాడి చేస్తోందన్నమాట. గురివింద గింజ అరగదీసి, వెల్లుల్లి రుద్ది పుండ్లు చేసుకోకండి. పిల్లల తలలో అదే ఖాళీ పొట్టుతో, విరిగిన మొలకలతో కనిపిస్తే తామర. దానికి లోపలికి మాత్రలు కావాలి, షాంపూ ఇతరులకు అంటకుండా సాయపడుతుందంతే. దువ్వెన, తువ్వాలు వేరుగా పెట్టి, ఒంగోలు లేదా నెల్లూరు పెద్దాసుపత్రిలో చర్మ డాక్టరుకు చూపించండి.