పట్టూ విడుపూ: టిఫిన్ బండికి చోటు అడిగే విద్య (మూడో పాఠం)

మొదటి పాఠంలో నేల ఎవరిదో తేల్చుకున్నాం. రెండో పాఠంలో కాగితాలు కుదురు చేసుకున్నాం. ఇప్పుడు ఆఫీసు గదిలోకి వెళ్తున్నాం. ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగువాళ్లు పని చెడగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. కొందరు చేతులు కట్టుకుని "దయ చూడండి బాబూ" అంటారు. ఇంకొందరు గుమ్మంలోనే "చట్టం ఉంది, కోర్టుకు వెళ్తాం" అని మొదలుపెడతారు. దయ తలచిన అధికారి బదిలీ అయిపోతే ఆ దయ కూడా ఆయనతోనే పోతుంది. గొడవ వాసన తగిలిన అధికారి ఫైలును అడుక్కి తోసేస్తాడు. ఏది వదులుకోవచ్చో, ఏది వదలకూడదో ఇంటి దగ్గరే తేల్చుకుని వెళ్లినవాళ్లకు ఈ రెండు తిప్పలూ ఉండవు.

పాఠం కోసం ఒక వదినను ఊహించుకుందాం. రాయగడలో జిల్లా ఆసుపత్రి గేటు దగ్గర ఇడ్లీ, ఉప్మా, పూరీ బండి పెట్టాలని ఆమె ఆలోచన. రోగి పక్కన రాత్రంతా మేలుకున్నవాళ్లకు తెల్లారేసరికి వేడిగా ఏదో ఒకటి కావాలి. బేరం తప్పక ఉంటుంది, చోటు దొరకడమే కష్టం.

హక్కు ఎంత, అడుగు ఎంత

2014 వీధి విక్రేతల చట్టం పాతవాళ్లనూ కొత్తవాళ్లనూ ఒకే గాటన కట్టదు. వీధి వ్యాపారుల సర్వే పూర్తయి, అమ్ముకోవడానికి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా, ఇప్పటికే అమ్ముకుంటున్నవాళ్లను తీసెయ్యకూడదని మూడో సెక్షన్ చెబుతుంది. కొత్తగా వచ్చేవాళ్ల సంగతి నాలుగో సెక్షన్లో ఉంది. రెండు సర్వేల మధ్యలో ఎవరైనా అడిగితే టౌన్ వెండింగ్ కమిటీ (వీధి అమ్మకాల సంగతి చూసే ఊరి కమిటీ) ధ్రువపత్రం ఇవ్వవచ్చు, కానీ ఊరి వీధి వ్యాపార ప్రణాళికకూ, ఆ చోట ఎన్ని బండ్లు పడతాయన్న లెక్కకూ లోబడి. "ఇవ్వవచ్చు" అంటే ఇచ్చి తీరాలని కాదు. మన వదిన కొత్త మనిషి. ఆమె పాతవాళ్ల హక్కు మాట్లాడితే గుమస్తా ఒక్క ప్రశ్నతో కూర్చోబెట్టేస్తాడు: "ఎప్పట్నుంచి అమ్ముతున్నారు? రసీదేది?"

ఆమె చేతిలో ఉన్న బలం వేరే. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మహిళలు, దివ్యాంగులు, మైనారిటీలకు ముందు అవకాశం ఇచ్చేలా నియమాలు పెట్టవచ్చని ఏడో సెక్షన్ అంటుంది. మీకు వర్తించేది ఉంటే అర్జీ మొదటి పేరాలోనే రాయండి, చివర్లో కాదు. కమిటీకి మున్సిపల్ కమిషనర్ గానీ ముఖ్య కార్యనిర్వహణాధికారి గానీ అధ్యక్షుడు. మన చిన్న ఊళ్లలో ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ (ఈఓ) గారి గదికే దారి. అయితే కమిటీలో నూటికి 40 మందికి తక్కువ కాకుండా ఎన్నికైన వీధి వ్యాపారులే ఉండాలి, అందులో మూడో వంతు ఆడవాళ్లు. ఈ సంగతి ఎంతమందికి తెలుసో గానీ, బేరం సగం ఇక్కడే తేలుతుంది. ఈఓ గారిని కలిసేముందే ఆ ప్రతినిధులను కలవండి. మీ చోటుకు పక్కనే పకోడీ బండి పెట్టుకున్న అన్నయ్య వాళ్లలో ఒకరు కావచ్చు.

రైల్వే స్టేషన్ ముందు చోటు కోరుకునేవాళ్లకు ఒక్క మాట. ఈ చట్టం రైల్వే నేలకు వర్తించదు. ఆవరణ ఎక్కడ ముగుస్తుందో తెలుసుకోకుండా మున్సిపాలిటీలో అర్జీ పెట్టినా లాభం లేదు. గ్రామ పంచాయతీ సంతకు కూడా ఈ పాఠం పనికిరాదు, అక్కడ ఆశీలు పాట పాడుకున్నవాడితో లెక్క వేరు. దానికి ఐదో పాఠం ఉంది.

ముగ్గుపిండి పరీక్ష

ఆఫీసుకు వెళ్లేముందు ఈ పని తప్పకుండా చెయ్యండి. దీన్ని దాటవేసేవాళ్లే ఎక్కువ.

టేపు తీసుకుని బండి కొలవండి. చక్రాల మధ్య కాదు, మొత్తం. పక్కకు తెరిచే బల్ల, కింద గ్యాస్ బండ, నీళ్ల డ్రమ్ము, ఎంగిలి బకెట్ అన్నీ కలిపి. నాలుగడుగుల బండి అనుకున్నది పనిలో ఉన్నప్పుడు ఆరడుగులు తింటుంది. దానికి తినేవాళ్లు నిలబడే మేర ఇంకో మూడడుగులు కలపండి, ఎందుకంటే దారికి అడ్డం వచ్చేది బండి కంటే మనుషులే. ఆ కొలతతో పొద్దున్నే వెళ్లి, మీరు కోరుకున్న చోట నేల మీద ముగ్గుపిండితో గీత గీయండి. గీసి పక్కన నిలబడండి. ఓపీ చీటీల రద్దీ మొదలయ్యాక ఆటోలు ఎటు తిరుగుతున్నాయో, అంబులెన్సు లోపలికి వచ్చేటప్పుడు ఏ వైపు వెడల్పుగా వంపు తీసుకుంటుందో చూడండి. గీత మీదుగా చక్రం వెళ్లిందా? అయితే ఆ చోటు మీది కాదు, ఎంత మంచిదైనా. నాలుగు బారలు జరిపి మళ్లీ గీయండి.

గీత కనిపించేలా ఫోన్లో ఫొటోలు తియ్యండి. ఒకటి తెల్లవారుజామున, ఒకటి రద్దీలో, ఒకటి మధ్యాహ్నం. గోడ, గేటు, కాలువ, కరెంటు స్తంభం ఫొటోలో పడాలి. ఫొటోలను ప్రింటు తీయించి, వెనక టైము రాసుకోండి. ఆఫీసులో మాటకు విలువ తక్కువ. ఫొటోను మాత్రం ఎవరైనా చేతిలోకి తీసుకుని చూస్తారు.

గదిలో మాట

అర్జీ ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉండాలి. కోర్టు దగ్గర టైపు చేసేవాళ్ల చేత రాయిస్తే మంచిదే, కానీ సంతకం పెట్టేముందు ఒక్కో వాక్యం తెలుగులో చెప్పించుకోండి. పేరు దగ్గర జాగ్రత్త. మన ఇంటిపేరు ముందుంటుంది, అక్కడి గుమస్తాలకు ఇంటిపేరు వెనక రాయడం అలవాటు. ఆధార్‌లో ఒక తీరు, అర్జీలో ఒక తీరు, రేషన్ కార్డులో ఇంకో తీరు ఉంటే చోటు గొడవ అంతా తేలాక పేరు గొడవ మొదలవుతుంది. సరిహద్దు ఊళ్లలో సిబ్బందిలో సగం మందికి తెలుగు వస్తుంది. అయినా మొదటి రెండు మాటలు ఒడియాలోనే అనండి, "నమస్కార్ ఆగ్యా" అంటే చాలు. తర్వాత ఆయనే తెలుగులోకి దిగుతారు.

ఇప్పుడు అసలు ఘట్టం. ఈఓ గారు అర్జీ చూసి, "ఆసుపత్రి గేటు దగ్గరా? కుదరదమ్మా, అంబులెన్సులు తిరిగే చోటు" అంటారు.

ఇక్కడ నోటికి వెంటనే వచ్చే జవాబు: "అక్కడ ఇప్పటికే నాలుగు బండ్లున్నాయి కదండీ." ఈ మాట ఎప్పుడూ అనకండి. మీకు చోటు దొరకడం అటుంచి, ఆ నలుగురి మీద ఫిర్యాదు ఇచ్చినట్టవుతుంది. రేపు వాళ్లను లేపేస్తే మీ పేరే వినిపిస్తుంది. వాళ్లు ఓటేసి గెలిపించిన ప్రతినిధే కమిటీలో మీ అర్జీ మీద మాట్లాడేది.

వదిన ఇలా అనాలి: "నిజమే సార్, అంబులెన్సుకు అడ్డం రాకూడదు. అందుకే గేటు పక్కన అడగడం లేదు. బయటికి వెళ్లే వైపు, గోడ చివర అడుగుతున్నాను. ఈ ఫొటో ఓపీ టైములో తీసింది. గీత ఇక్కడుంది, ఆటోలు అటు తిరుగుతున్నాయి చూడండి."

ఆయన అభ్యంతరాన్ని ఒప్పుకుని, దానికి తన దగ్గరున్న జవాబు బల్ల మీద పెట్టింది. ఇక ఆయన చెత్త గురించి అడుగుతారు. "మూత ఉన్న డబ్బాలు రెండు పెడతాను. ఎంగిలి నీళ్లు కాలువలో పొయ్యను, డ్రమ్ములో పట్టుకుని తీసుకెళ్తాను. పదిన్నరకు బండి తీసి చోటు ఊడ్చి వెళ్తాను" అని చెప్పండి. శుభ్రంగా ఉంచడం ఎలాగూ చట్టం మన మీద పెట్టిన బాధ్యతే. తప్పక చెయ్యాల్సినదాన్ని మనమే ముందు చెబితే అది మన వైపు నుంచి ఇచ్చినట్టు ఉంటుంది.

"ఊళ్లో బండ్లు ఎక్కువైపోయాయి" అన్నా కంగారు పడకండి. జనాభాలో నూటికి రెండున్నర వంతు వీధి వ్యాపారులకు చోటు చూపేలా ప్రణాళిక ఉండాలని చట్టం కొలత పెట్టింది. 70,000 జనాభా ఉన్న ఊరికి అది 1,750 మంది. "మన ఊళ్లో సర్వేలో ఎంతమంది తేలారు సార్?" అని అడగండి, మెల్లగా, తెలియక అడిగినట్టే. "అది వెండింగ్ నిషేధించిన జోన్" అంటే ఆ తీర్మానం నకలు అడగండి. సర్వే, ప్రణాళిక పూర్తి కాకుండా ఏ చోటునూ అలా ప్రకటించకూడదు.

అన్నిటికంటే ప్రమాదకరమైన జవాబు "సరే, చూద్దాం". మొహం వెలిగిపోయి, దణ్ణం పెట్టి బయటికి వచ్చేస్తాం. నెల గడుస్తుంది, ఏమీ జరగదు. ఆ మాటను అక్కడే తేదీగా మార్చాలి: "చోటు చూడ్డానికి ఎవర్ని పంపిస్తారు సార్? ఆ రోజు నేను బండితో అక్కడే ఉంటాను." మనిషి పేరు, వారం తెలిస్తే చాలు. బయటికి వస్తూ అర్జీ నకలు మీద అందినట్టు ముద్ర, తేదీ, డైరీ నంబరు వేయించుకోండి. ముద్ర లేని నకలు పొట్లాలు కట్టడానికే.

ఏది వదలాలి

వదిన మూడు వదులుకోవచ్చు: టైము, బండి సైజు, రకాలు. రోజంతా అడిగి ఏమీ రాకపోవడం కంటే పొద్దున ఐదు నుంచి పదిన్నర దాకా తీసుకోవడం మేలు. ఒకే చోటును వంతులవారీగా ఇచ్చే పద్ధతి చట్టంలోనే ఉంది. వంతు అయిపోగానే సామాను తీసెయ్యాలి, అంతే. సాయంత్రం ఆ చోటు బజ్జీల బండికి పోతే పోనివ్వండి. రకాల సంగతి ఎదురుగా ఉన్న హోటలాయన కోసం. ఆయన దోసెలు వేస్తుంటే మీరు దోసె పెనం జోలికి వెళ్లకండి. ముందే వెళ్లి "బాబాయ్, మీరు షట్టర్ తీసేసరికి నా బేరం సగం అయిపోతుంది, దోసె వెయ్యను" అని చెప్పి వస్తే, ఈఓ గారి బల్ల మీదికి రావాల్సిన ఫిర్యాదు ఒకటి తగ్గినట్టే.

చోటు మాత్రం వదలకండి. "కూరగాయల మార్కెట్ వెనక ఇస్తాం" అంటారు. ఆసుపత్రి జనం ఇడ్లీ కోసం అంత దూరం రారు. గోడ వెంబడి పది గజాలు అటూ ఇటూ జరగవచ్చు, వీధి మారకూడదు. రెండో పట్టు పేరు మీద. ధ్రువపత్రం బండి మీద అమ్మే మనిషి పేరునే ఉండాలి. "నా పేరున కార్డుంది, నెలకింత ఇచ్చి బండి పెట్టుకో" అనేవాళ్లు దొరుకుతారు. ధ్రువపత్రాన్ని అద్దెకైనా ఇవ్వకూడదని ఐదో సెక్షన్ అంటుంది. బండి, గిన్నెలు, అప్పు మీవి, కాగితం ఇంకొకరిది అయితే, మీ చోటు బాగా నడవడం మొదలుకాగానే ఆయనకు చోటు గుర్తొస్తుంది.

మూడోది మామూళ్లు. నీతి మాట పక్కన పెట్టి లెక్క మాటే చెబుతాను. కాగితం లేనివాడి మామూలు మనిషి మారినప్పుడల్లా పెరుగుతుంది. పైగా దానికి రసీదుండదు కాబట్టి రేపు సర్వేలో మీరు అమ్ముతున్నారనడానికి ఆధారంగా కూడా పనికిరాదు. రోజువారీ ఆశీలు చీటీ వేరు. అది అనుమతి కాదు గానీ ఆధారం, కాబట్టి ఒక్కటి కూడా పారెయ్యకండి. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ తీసుకున్నంత మాత్రాన చోటు మీదైపోదు. వీధి వ్యాపారులకు ఇచ్చే స్వనిధి అప్పు వచ్చినా అంతే.

"కాదు" అనే అంటే, ఆ కాదు కాగితం మీద ఇమ్మనండి. కారణంతో రాసిచ్చిన నిరాకరణ ఉంటేనే పై మెట్టు ఎక్కడానికి వీలు. రాసివ్వకపోతే సమాచార హక్కు అర్జీ పెట్టండి. ఒడిశాలో ఫారం-ఏ నింపాలి, ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి. మూడు ప్రశ్నలు చాలు: సర్వే ఎప్పుడు జరిగింది, ప్రణాళిక ఆమోదం పొందిందా, నా ఫలానా డైరీ నంబరు అర్జీ ఏ దశలో ఉంది.

ఈ వారం అభ్యాసం

ముగ్గుపిండి పరీక్ష చేసి మూడు ఫొటోలు తియ్యండి. తర్వాత ఇంట్లో ఒకరిని ఈఓ గారిగా కూర్చోబెట్టండి. బాగా విసుక్కునే మనిషైతే ఇంకా మంచిది, అత్తగారో బావగారో. అంబులెన్సు, చెత్త, ఎదుటి హోటలు, "బండ్లు ఎక్కువైపోయాయి", "చూద్దాం" అనే ఐదు మాటలు వరస లేకుండా వాళ్ల చేత అనిపించండి. ప్రతిదానికీ రెండు వాక్యాల్లో, పక్క బండివాడి పేరు ఎత్తకుండా జవాబు చెప్పండి. టెన్షన్ తగ్గేదాకా చెయ్యండి.

నాలుగో పాఠంలో, ధ్రువపత్రం వచ్చాక ఒకరోజు బండి ఎత్తుకుపోతే ఏం చెయ్యాలో చూద్దాం. పత్తొమ్మిదో సెక్షన్ ప్రకారం సామాను జాబితా ఎలా రాయించుకోవాలి, పాడైపోయే పిండీ చట్నీ అడిగిన రోజే, మిగతా సామాను రెండు పనిదినాల్లో ఎలా విడిపించుకోవాలి అన్నది అందులో ఉంటుంది. దానికోసం ఇప్పుడే మీ బండి సామాను మొత్తం, గరిటెలతో సహా, ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి.