మాయా చెక్కుడు పాత్రను చదవడం ఎలా?

పాత స్టీలు గిన్నెల అంచు కింద చుక్కలు చుక్కలుగా పేర్లు చెక్కించి ఉంటాయి కదా. ఇంటిపేరు, పొడి అక్షరాలు, పక్కన పెళ్లి తేదీ. పదిమంది ఇళ్ల గిన్నెలు ఒకచోట చేరినా మనది మనకు తిరిగొస్తుందని అలా చెక్కించేవాళ్లు. దక్షిణ మెక్సికో, గ్వాటెమాలా, బెలీజ్ ప్రాంతాల్లో మాయా దొరలు సుమారు క్రీ.శ. 250 నుంచి 900 మధ్య మట్టిపాత్రల మీద చేయించింది దాదాపు ఇదే. (మాయా అన్నది ఒక జాతి పేరు. మయుడితో, మయసభతో చుట్టరికం కలిపే వీడియోలు చాలా తిరుగుతుంటాయి, వాటిని వదిలేయండి.)

మ్యూజియంలో అద్దం వెనక ఈ పాత్రను చూడగానే ఏదో పూజాపాత్ర అనుకుంటాం. విందుల్లో తాగడానికి, తోటి దొరలకు కానుకగా పంపడానికి, యజమాని పోతే సమాధిలో పక్కన పెట్టడానికి వీటిని వాడారు. మాయా లిపి రాకపోయినా మూడు నాలుగు గుర్తులు పట్టుకోగలిగితే పాత్ర తన గురించి తాను చెప్పుకునేదాంట్లో కొంత మీకు అర్థమవుతుంది.

మొదట ఒక స్టీలు గ్లాసు తీసుకోండి

గ్లాసు చుట్టూ సరిపోయేలా కాగితం ముక్క కత్తిరించి, దాని మీద వరసగా ఆరు బొమ్మలు గీసి, గ్లాసుకి చుట్టి బల్ల మీద పెట్టండి. ఎదురుగా కూర్చుంటే ఆరూ కనబడవు. మ్యూజియంలోనూ అంతే. చుట్టూ తిరగనిస్తే తిరిగి చూడండి. పాత్రను గోడకి ఆనించి పెట్టి ఉంటే మాత్రం సగం కథ గోడవైపే ఉండిపోతుంది.

ఈ బాధ తప్పించడానికే జస్టిన్ కెర్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ 1970లలో ఒక కెమెరా తయారుచేసుకున్నాడు. పాత్ర తిరుగుతుంటే లోపల ఫిల్మ్ కూడా కదులుతుంది, చుట్టూ ఉన్న బొమ్మంతా చాప పరిచినట్టు ఒకే ఫోటోలో వస్తుంది. ఆయన తీసిన పాత్రలకు కె అక్షరంతో నంబర్లు ఉంటాయి. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ మ్యూజియంలోని పేరున్న పాత్ర కె511. ఆ నంబరుతో నెట్‌లో వెతికి, ఫోటో ఫోన్లో పెట్టుకుని, అప్పుడు అద్దం ముందుకి వెళ్లండి. న్యూజెర్సీలో ఉండే మనవాళ్లకి ప్రిన్స్‌టన్ ఎలాగూ దగ్గరే. కాకపోతే కె511 రంగులతో గీసినది, చెక్కినది కాదు.

చెక్కారా, గీశారా, అచ్చు వేశారా?

నాకు ఈ భాగమే ఎక్కువ ఇష్టం. మాయా కుమ్మరులకు సారె, అంటే కుమ్మరి చక్రం, లేదు. మట్టిని తాడులా పేని, చుట్టలు చుట్టలుగా పేర్చి, చేత్తో నునుపు చేసి పాత్ర లేపేవాళ్లు. అది సగం ఆరేదాకా ఆగేవాళ్లు. వేలితో నొక్కితే గుంట పడకూడదు, గోటితో గీస్తే మాత్రం గీత పడాలి. చెక్కడానికి అదే అదును. ఆ తర్వాతే కాల్చడం.

పాత్రకు ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి నిలబడి, వెలుతురు ఏటవాలుగా పడేలా చూడండి. బొమ్మ చుట్టూ ఉన్న మట్టిని తవ్వి తీసేసి, బొమ్మ మాత్రం పై మట్టంలోనే మిగిలి ఉంటే అది చెక్కుడు. బొమ్మ అంచు దగ్గర నీడ పడుతుంది. లోతు లేకుండా సన్నటి గీతలే ఉంటే అది గీసినది. ఆ గీతల అంచులు పెచ్చులూడినట్టు గరుకుగా ఉంటే కాల్చిన తర్వాత గీసి ఉండొచ్చు.

అసలైన చెక్కుడు పనితనం చూడాలంటే మెక్సికోలోని యుకతాన్ ఉత్తర భాగం నుంచి వచ్చిన చోచోలా శైలి పాత్రలు వెతకండి. ఎక్కువగా ఎనిమిదో శతాబ్దానివి. ముదురు గోధుమ రంగు ఒళ్లు, రాయితో రుద్ది తెచ్చిన నునుపు, ఒకవైపు చట్రంలో బిగించినట్టు లోతుగా చెక్కిన బొమ్మ. మిగతా ఒంటిని చాలావరకు ఖాళీగా వదిలేస్తారు. ఆ ఖాళీ వల్లే బొమ్మకి అంత అందం వచ్చిందని నాకనిపిస్తుంది. కొన్నింట్లో గీతల సందుల్లో ఎర్రటి పొడి కనబడుతుంది. అది ఇంగిలీకం, అంటే పాదరసం ఉన్న ఖనిజం.

తొమ్మిదో శతాబ్దానికి వచ్చేసరికి చెక్కిన అచ్చులో మట్టి నొక్కి తీసిన పాత్రలు పెరిగాయి. వాటి గీతలు అరిగిన నాణెంలా మెత్తగా ఉంటాయి, ఒకే బొమ్మ రెండు మూడు పాత్రల మీద కనబడుతుంది.

అంచు కింద వరస చూడండి

అక్షరాల పట్టీ చాలావరకు నోటి అంచు కిందే ఉంటుంది. అందులో మనిషి ముఖాలు, జంతువుల ముఖాలు ఏవైపు చూస్తున్నాయో గమనించండి. సాధారణంగా ఎడమవైపే చూస్తుంటాయి. అంటే వరస ఎడమ నుంచి కుడికి నడుస్తుంది.

మైకేల్ కో అనే పండితుడు 1970ల మొదట్లో ఒక సంగతి పట్టుకున్నాడు. ఎన్నో పాత్రల మీద అవే గుర్తులు అదే వరసలో వస్తున్నాయి. పాత్రలు సమాధుల్లోవి కాబట్టి అది చావుకి సంబంధించిన స్తోత్రం అయి ఉంటుందనుకున్నాడు. 1980లలో డేవిడ్ స్టూవర్ట్, మరికొందరు చదివి చూస్తే అది స్టీలు గిన్నె మీది రాత లాంటిదే: ఇది ఫలానావారి గ్లాసు, ఇందులో ఫలానాది తాగుతారు.

ఈ మూడు గుర్తులు పట్టుకోండి

గబ్బిలం తల. దాని ఉచ్చారణ 'షు'. పక్క గుర్తులతో కలిసి 'యుషుల్' అన్న మాట అవుతుంది, అంటే 'దీని చెక్కుడు'. రంగులతో గీసిన పాత్రల మీద దీని బదులు రాత, చిత్రణ అనే అర్థమున్న మాట వస్తుంది. మీరు ఇందాక వెలుతురులో తేల్చుకున్నది సరో కాదో పాత్రే చెబుతుందన్నమాట.

పక్షి రెక్క, దాని దగ్గర పాచికలో అయిదులా అయిదు చుక్కలు. రెక్క 'కి', చుక్కలు 'బి'. ముందు 'యు' చేరితే 'యుకిబ్', ఆయన తాగే పాత్ర. ఇందులో 'క'ని గొంతులో నొక్కి పలకాలి, మన లిపిలో దానికి అక్షరం లేదు.

మూడోది చేప. చేప తల దగ్గర రెండు చిన్న చుక్కలుంటే 'రెండుసార్లు చదువు' అని అర్థం. చేప 'క', కాబట్టి 'కక'. కింద 'వ' గుర్తు. చివరి అచ్చు పలకరు, 'కకావ్'. మన కోకో అదే. ఏలూరు వైపు కొబ్బరిచెట్ల నీడలో, మానుకే కాయలు అతుక్కున్నట్టు కాసే చెట్టే. మొత్తం చేపకి బదులు ఒక్కోసారి దువ్వెనలాంటి రెక్క మాత్రమే వేస్తారు, కంగారుపడకండి.

అచ్చూ హల్లూ కలిసి ఒకే గుర్తు అవడం తెలుగువాళ్లకి కొత్తేం కాదు. కానీ గుణింతం ఆశించకండి. 'క'కీ 'కి'కీ పోలికే ఉండదు.

చేప గుర్తు చదివింది సరేనా అన్న అనుమానం రియో అసుల్ పాత్రతో తీరింది. గ్వాటెమాలాలో ఒక సమాధిలో 1984లో దొరికిన ఆ పాత్ర మూత తిప్పి బిగించే రకం. దాని మీద కకావ్ అని ఉంది. లోపలి మడ్డిని హెర్షీ చాక్లెట్ కంపెనీ ల్యాబ్‌లో పరీక్షిస్తే కోకో ఆనవాళ్లు దొరికాయి.

రాతేనా, రాతలా కనిపించే డిజైనా?

ఒకే గుర్తు ఆరుసార్లు వరసగా ఉందా? అయితే చదవడానికి ప్రయత్నించి టెన్షన్ పడొద్దు. అక్షరాల్లా కనిపించే ఉత్త డిజైన్ వేసిన పాత్రలు చాలానే ఉన్నాయి.

చివర్లో లేబుల్

ముందే లేబుల్ చదివితే కళ్లు అదే వెతుకుతాయి, అందుకే ఆఖరికి పెట్టాను. 'దొరికిన చోటు' దగ్గర చాలావాటికి దేశం పేరో, ప్రాంతం పేరో తప్ప ఏమీ ఉండదు. దొంగలు సమాధులు తవ్వి అమ్ముకున్నవి అలా చేతులు మారి వచ్చాయి. అప్పుడు మళ్లీ పట్టీ చివరికి వెళ్లండి. యజమాని పేరు, బిరుదులు ఉండేది అక్కడే. ఎడమవైపు బొట్లు బొట్లుగా కారుతున్నట్టున్న గుర్తు, దాని పక్కన ఒక పెద్ద గుర్తు కనబడితే అది రాజ్యం చిహ్నం. 1958లో హైన్రిఖ్ బెర్లిన్ అనే పండితుడు వీటిని గుర్తించాడు. ఆ పెద్ద గుర్తు వెనక నుంచి చూసిన జుట్టు ముడిలా ఉంటే అది తికాల్ అనే మాయా రాజ్యాన్ని ఏలిన వంశానిది. దాన్ని దగ్గర నుంచి, ఫ్లాష్ లేకుండా, ఒక ఫోటో తీసుకోండి.