విశాఖ ఉప్పుగాలిలో ఐకన్ పటం, సున్నపు గోడ మీద బొమ్మ

ఐకన్ (క్రైస్తవ ప్రార్థన కోసం సంప్రదాయ పద్ధతిలో వేసే పవిత్ర పటం) వేయడం నేర్చుకుందామని వచ్చేవాళ్లు ముందు రంగుల గురించి అడుగుతారు. నేను ముందు గాలి గురించి చెబుతాను. విశాఖ గాలిలో ఉప్పుంది, ఏడాదిలో ఎక్కువ నెలలు చెమ్మ ఉంది. పాతనగరంలో, జ్ఞానాపురంలో, బీచ్ రోడ్డు పొడవునా ఏ పాత గోడ చూసినా ఈ రెండూ చేసిన పని కనిపిస్తుంది. పైన బొమ్మ ఎంత బాగా కుదిరినా కింది పూత ఈ గాలికి ఆగకపోతే కొన్నేళ్లకే పొలుసులు లేస్తుంది. పాత గ్రీకు క్రైస్తవ సామ్రాజ్యమైన బైజాంటియంలో పుట్టి రష్యా దాకా పాకిన పద్ధతి మన ఊళ్లో నిలుస్తుందా అంటే నిలుస్తుంది. కాకపోతే ప్రతి పనినీ మన వాతావరణానికి సరిపెట్టుకోవాలి.

నేను సైన్‌బోర్డులు రాసి బతికినవాణ్ణి. డాబాగార్డెన్స్, జగదాంబ చుట్టుపక్కల దుకాణాల పేర్లు ఎనామెల్ పెయింటుతో రాసేవాళ్లం. ఫ్లెక్సులు వచ్చాక చర్చిల్లో వాక్యాలు రాసే పని మిగిలింది. అక్కణ్ణుంచి పీఠం వెనక గోడకు, ఆ తర్వాత గుడ్డు సొనతో వేసే పటాలకు వచ్చాను. ఇక్కడ చెప్పేదంతా నా చేత్తో చేసే పద్ధతే.

మొదలుపెట్టేముందు విచారణ గురువుగారితో (ఆ చర్చి ఫాదర్‌తో), సంఘ పెద్దలతో కూర్చుని మాట్లాడండి. ఏ బొమ్మ, ఎంత కొలత, ఎక్కడ పెడతారు, అన్నీ కాగితం మీద ఉండాలి. బాప్టిస్టు, పెంతెకోస్తు సంఘాల్లో బొమ్మలు పెట్టరు. అక్కడ వాక్యం మాత్రమే రాయించుకుంటారు, అది వాళ్ల విశ్వాసం, దాన్ని గౌరవించాలి. చిత్రాలను నిలబెట్టుకున్న సంఘాలకు ఆధారం 787లో నికేయ నగరంలో జరిగిన క్రైస్తవ బిషప్పుల రెండో మహాసభ. పటానికి ఇచ్చే గౌరవం అందులో ఉన్నవారికే చేరుతుందని ఆ సభ చెప్పింది. నేను పనికి కూర్చునేముందు ప్రార్థన చేసుకుంటాను. ఈ పనిలో అది కూడా ఒక భాగమే.

మొదటి బొమ్మకు నిత్య సహాయ మాతను, అంటే బాలయేసును ఎత్తుకున్న మరియమాత పటాన్ని తీసుకోండి. బుధవారం నొవీనా ప్రార్థనలకు వెళ్లే ప్రతి కథోలిక ఇంట్లో ఆ పటం ఉంటుంది, కానీ అది అసలైన ఐకన్ అని చాలామంది గమనించరు. మూలచిత్రం చెక్క మీద వేసింది, 1866 నుంచి రోములో సంత్ అల్ఫొన్సో దేవాలయంలో ఉంది. బాలయేసు కాలి నుంచి జారి వేలాడుతున్న చెప్పును, రెండువైపులా యేసు శ్రమల పనిముట్లు (సిలువ, ఈటె లాంటివి) పట్టుకున్న మిఖాయేలు, గబ్రియేలు దూతలను బాగా చూడండి. ఇందులో మీ సొంతంగా కల్పించాల్సింది ఏమీ లేదు. గీతలు ఉన్నవి ఉన్నట్టు దించుకోవాలి.

ఇక చెక్క. రష్యావాళ్లు లిండెన్ చెక్క వాడతారు. మనకు టింబర్ డిపోలో దొరికే గుమ్మడి టేకు బాగుంటుంది. తేలిక, పెద్దగా మెలి తిరగదు. మామూలు టేకులో నూనె ఉంటుంది కాబట్టి జిగురు సరిగా పట్టదు. బాగా ఆరిన అంగుళం మందం పలక తీసుకుని, వెనకవైపు అడ్డంగా రెండు గాడులు కొట్టించి, వాటిలోకి అడ్డచెక్కలు దూర్చమని వడ్రంగికి చెప్పండి. వాటికి జిగురు పెట్టనివ్వకండి, మేకులు కొట్టనివ్వకండి. వానాకాలంలో పలక ఉబ్బుతుంది, చలికాలంలో ముడుచుకుంటుంది. అడ్డచెక్క జారడానికి వీలుంటేనే పలక చీలదు. నేర్చుకునే రోజుల్లో మెరైన్ ప్లైవుడ్ చాలు.

పూతకు జిగురు మన వడ్రంగులు వాడిన పాత వజ్రమే, అంటే పశువుల తోలు, ఎముకల నుంచి తీసే జిగురు. ఇప్పుడు అందరూ తెల్ల ఫెవికాల్‌కు వెళ్లిపోయారు, అడిగి తెప్పించుకోవాలి. పది వంతుల నీటికి ఒక వంతు వజ్రం రాత్రి నానబెట్టి, పొద్దున వేడినీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించండి. మరగనిస్తే బలం పోతుంది. ఒక్కో సరుకు బలం ఒక్కోలా ఉంటుంది కాబట్టి కొంచెం ఫ్రిజ్‌లో పెట్టి చూడాలి. వేలితో నొక్కితే వణికి, గట్టిగా నొక్కితే చిట్లాలి. మన వేడికి బయట అది గడ్డకట్టదు, బయట పెట్టి పలచగా ఉందని ఇంకా వజ్రం కలిపితే పూత పగులుతుంది. ఆ రోజుకు కావాల్సినంతే కాచుకోండి. తెల్లారితే వాసన వస్తుంది, వాసన వచ్చిన జిగురుతో వేసిన పూతకు బూజు పడుతుంది.

పలకకు జిగురు పూసి ఒకరోజు ఆరనిచ్చి, గంజి పోయేలా ఉతికిన కోరా బట్టను వేడి జిగురులో ముంచి దాని మీద పరవండి. మధ్య నుంచి అంచులకు గాలి పోయేలా నొక్కాలి. అది ఆరాక సుద్ద. గోడ పుట్టీ వద్దు, అందులో తెల్ల సిమెంటు ఉంటుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కూడా వద్దు. మెత్తగా జల్లించిన సుద్దపొడిని గోరువెచ్చని జిగురులో కొంచెం కొంచెంగా వేసి, అది తనంతట మునిగాక మెల్లగా కలపండి. గిలకొడితే బుడగలు వస్తాయి, ఆ బుడగలే తర్వాత ముఖం మీద గుంటలవుతాయి. పలచని దోసెపిండిలా ఉండాలి. ఎనిమిది నుంచి పది పూతలు, ఒకటి నిలువుగా వేస్తే తర్వాతది అడ్డంగా. చేయి పెడితే తడి అంటకపోతే చాలు, తర్వాత పూత వేసేయవచ్చు. ఈ పని డిసెంబరు, జనవరిలో పెట్టుకోండి. జూలైలో పూత లోపల ఆరదు. మే నెలలో పైన త్వరగా ఆరిపోయి జాలిలా పగుళ్లు వస్తాయి. వారం ఆగి సన్నని సాండ్ పేపరుతో, చివర తడిపి పిండిన గుడ్డతో రుద్దితే దంతంలాంటి నునుపు వస్తుంది. బొమ్మ ఎంతకాలం నిలుస్తుందో ఇక్కడే తేలిపోతుంది.

బంగారం గురించి ఒక్క మాట గట్టిగా చెబుతాను. నకిలీ రేకులో రాగి, జింకు ఉంటాయి. మన ఉప్పుగాలికి అది పచ్చబడి నల్లబడుతుంది. అసలు బంగారు రేకు కొనగలిగితే కొనండి, లేకపోతే తల చుట్టూ ఉండే వెలుగు వలయాన్ని పసుపు మట్టిరంగుతో వేయండి. పాత ఐకన్లలో అలాంటివి ఎన్నో ఉన్నాయి, అందులో తక్కువతనమేమీ లేదు. రేకు వేసేటప్పుడు ఫ్యాను కట్టేయాలి. బంగారం పని అయ్యాకే రంగు ముట్టుకోవాలి.

గుడ్డు ఏదైనా ఫర్వాలేదు, తాజాగా ఉండాలి. తెల్లసొన పారబోసి, పచ్చసొనను ఒక అరచేతి నుంచి ఇంకో అరచేతికి మారుస్తూ తడి తుడవండి. పైపొరను రెండు వేళ్లతో పట్టుకుని కింద సూదితో పొడిస్తే లోపలిది గిన్నెలోకి దిగుతుంది, పొర చేతిలో మిగులుతుంది. అంతే కొలత నీళ్లు, కొన్ని చుక్కల వెనిగర్ కలపండి. రంగుపొడిని విడిగా నీళ్లతో ముద్దచేసి, దానికి సమంగా ఈ సొన కలపాలి. గాజు పలక మీద ఒక గీత గీసి ఆరాక బ్లేడుతో లేపి చూడండి. పొరలా లేస్తే సరిగా ఉన్నట్టు, పొడిగా రాలితే సొన చాలలేదన్నట్టు.

ముఖం చీకటి నుంచి వెలుగుకు వస్తుంది. బోర్డు పెయింటర్లకు ఇది అలవాటు పడటం కష్టం, ఎందుకంటే మనం లేతరంగు వేసి నీడలు దిద్దుతాం. ఇక్కడ ముందు పసుపు మట్టి, పచ్చ మట్టి, కొంచెం నలుపు కలిపిన ముదురు రంగును ముఖమంతా పరవాలి. దాని మీద పసుపు మట్టికి కొద్దిగా ఎరుపు, తర్వాత కొద్దికొద్దిగా తెలుపు కలుపుతూ ప్రతిసారీ ముందుకంటే చిన్న చోటులో వేయాలి. నుదురు, ముక్కు గీత, చెక్కిళ్ల పైభాగం చివరికి వెలుగుతాయి. వెలుగు ఒక పక్క నుంచి పడదు, లోపలి నుంచి వస్తుంది. ఆతురత పడితే ముఖం బొగ్గులా అయినా ఉండిపోతుంది, సుద్దలా అయినా తేలిపోతుంది. పలచని పొరలు, ఓపిక, అంతకంటే దారి లేదు. చివర పేరు రాయాలి. పేరు రాయందే ఐకన్ పూర్తి కాదు. పేర్లను సూచించే గ్రీకు సంక్షేపాక్షరాలు ఉంచి, కింద తెలుగులో కూడా రాయమంటాను. మన అమ్మమ్మలు చదవగలగాలి. తలకట్టు, గుడి, ఒత్తు ఒక్క ఊపులో తిరగాలంటే పొడుగు వెంట్రుకల లైనర్ బ్రష్ వాడండి.

రక్షణకు లిన్సీడ్ నూనె పూత పాత పద్ధతి. సొన గట్టిపడటానికి కొన్ని నెలలు ఆగి, చలికాలపు పొడిరోజుల్లో పలచగా పూసి, ఎక్కువైంది తుడిచేయండి. వానల్లో పూస్తే జిగటగానే ఉండి దుమ్ము పట్టుకుంటుంది.

ఇక గోడ. తడి సున్నం మీద నీళ్లలో కలిపిన రంగు వేస్తే, సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని తిరిగి రాయిగా మారుతూ రంగును తనలో బిగించుకుంటుంది. జిగురు అక్కర్లేదు. ఇదేదో పరాయి విద్య అనుకోకండి. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద 16వ శతాబ్దపు బొమ్మలు కూడా సున్నపు పూత మీద మట్టి రంగులతో వేసినవే.

ముందు గోడను పరీక్షించండి. పాలిథిన్ షీటు అంచులకు టేపు అతికించి రాత్రంతా ఉంచండి. పొద్దున లోపలివైపు నీటిచుక్కలు కనిపిస్తే గోడలో నెమ్ము ఉంది. తెల్లగా ఉప్పు పూసిన గోడ, సముద్రంవైపు బయటి గోడ వద్దే వద్దు. నెమ్ము ఉన్న గోడ మీద వేయమని ఎంత బతిమాలినా ఒప్పుకోకండి. సిమెంటు ప్లాస్టరింగ్ ఉంటే ఇటుక కనిపించేదాకా కొట్టించాలి. ఆర్‌సీసీ గోడైతే సున్నం మాట మరచిపోయి, పెద్ద చెక్క పటాలు చేసి వేలాడదీయండి.

సున్నం మార్కెట్లో సంచుల్లో దొరికే పొడి కాదు. కాల్చిన సున్నపురాయిని ఇనుప డ్రమ్ములో నీళ్లలో వేసి మీరే తడపాలి. నీళ్లలోకి రాయి వేయాలి తప్ప రాయి మీద నీళ్లు పోయకూడదు. కుతకుత ఉడికి చిందుతుంది, కళ్లజోడు, రబ్బరు తొడుగులు లేకుండా దగ్గరకు వెళ్లకండి, పిల్లల్ని రానివ్వకండి. కంట్లో పడితే వెంటనే నీళ్లతో చాలాసేపు కడుగుతూ ఆసుపత్రికి పరుగెత్తాలి. చల్లారాక జల్లించి, పైన నీళ్లు నిలిచేలా మూతపెట్టి నెలల తరబడి ఉంచండి. ఎంత పాతబడితే అంత మెత్తన.

ఇసుక నదిదే కావాలి, అదికూడా మంచినీళ్లతో కడిగి. సముద్రపు ఇసుక గుప్పెడు కలిసినా ఉప్పు పైకి పూస్తుంది. మొదటి పూతకు ఒక వంతు సున్నానికి రెండున్నర వంతుల ముతక ఇసుక, ఒక సెంటీమీటరు మందం. బైజాంటైన్ చిత్రకారులు ఇందులో తరిగిన గడ్డి కలిపేవారు. నేను జనపనార ముక్కలు కలుపుతాను. మన పాత మేస్త్రీల బెల్లపు నీళ్లు, కరక్కాయ నీళ్లు గోడకు మంచివే, కానీ బొమ్మ వేసే పైపూతలో కలపకండి, రంగు మచ్చపడుతుంది. ఈ మొదటి పూతను కొన్ని వారాలు ఆరనివ్వాలి.

పైపూత మెత్తని ఇసుకతో, మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు. ఆ రోజు వేయగలిగినంత మేరకే పూయాలి. ముఖానికి ఒక రోజు, అంగీకి ఒక రోజు అనుకోండి. పైనుంచి కిందికి రావాలి, లేకపోతే వేసినదాని మీద చిందుతుంది. అతుకు అంగీ అంచులోనో వెలుగు వలయం గీతలోనో దాగేలా ముందే గీసుకోండి. వేలికి సున్నం అంటకుండా ఉండే దశలో రంగు మొదలుపెడితే ఆరేడు గంటలు పని నడుస్తుంది. గోడ రంగును పీల్చుకోవడం మానేస్తే ఆపేయాలి. మిగిలిన పైపూతను అంచు వాలుగా కోసి తీసేయండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ పనికి మంచి కాలం, కిటికీలకు గోనెలు కట్టి ఎండ, గాలి నేరుగా తగలకుండా చూసుకోండి.

రంగుల్లో జేగురు, పసుపు మట్టి, పచ్చ మట్టి, అంబర్ (ముదురు గోధుమరంగు మట్టి), ఎముక మసి, సున్నపు తెలుపు సున్నానికి ఆగుతాయి. నీలానికి కోబాల్ట్. ప్రష్యన్ బ్లూ, సీసపు తెలుపు, ఇంగిలీకం (పాదరసపు ఎరుపు) ఈ పనికి పనికిరావు. ఆరాక అన్నీ లేతబడతాయి కాబట్టి ముందు చిన్న పలక మీద వేసి ఆరబెట్టి చూసుకోండి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల రంగు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. అది రక్షిత ప్రాంతం, అక్కణ్ణుంచి పిడికెడు కూడా తీయకండి. జేగురు కొట్లో దొరుకుతుంది.

పని అప్పగించేటప్పుడు ఉపదేశి గారికి (సంఘంలో వాక్యం బోధించేవారికి), గుడి శుభ్రం చేసేవాళ్లకు విడివిడిగా చెప్పండి: తడిగుడ్డతో తుడవకూడదు, మెత్తని పొడి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. కొవ్వొత్తుల స్టాండు రెండు మూరల దూరంలో ఉండాలి. పూలదండ బొమ్మకు తగలకుండా వేయాలి. చెక్క పటానికి వెనక నాలుగు మూలలా చిన్న కార్కు ముక్కలు పెట్టి, గోడకూ పటానికీ మధ్య గాలి ఆడేలా మేకు కొట్టించండి.