బ్రౌజరులో డాస్ – మూడవ పాఠం: ఇమేజ్ ఫైలు నుంచి తెర మీదికి

కిందటి పాఠంలో ఫ్లాపీ మూలనున్న చిన్న మీటను జరిపి, రంధ్రం తెరుచుకునేలా చేసి, అందులో కొత్తగా ఏదీ రాయడానికి వీల్లేకుండా చూసుకున్నాక, ప్రతి సెక్టారునూ (ఫ్లాపీ మీది అతి చిన్న గడినీ) చదివి ఒకే ఇమేజ్ ఫైలుగా, అంటే ఫ్లాపీకి అచ్చమైన నకలుగా, దింపుకున్నాం. 1.44 ఎంబీ ఫ్లాపీ అయితే ఆ ఫైలు సరిగ్గా 14,74,560 బైట్లు ఉండాలి. 80 ట్రాకులు, రెండు వైపులు, ట్రాకుకు 18 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు, ఈ నాలుగింటినీ హెచ్చవేస్తే వచ్చే సంఖ్య అది. తేడా వస్తే ఈ పాఠాన్ని ఇక్కడే ఆపి ఫ్లాపీని మళ్ళీ చదవండి. సరిపోతే దాని ఎస్‌హెచ్‌ఏ-256 విలువను (ఫైలులో ఒక్క బైటు మారినా మారిపోయే వేలిముద్ర లాంటి సంఖ్యను) నోటుపుస్తకంలో రాసుకుని, ఇమేజికి నకలు తీసి, ఇకపై పనంతా ఆ నకలు మీదే చేయండి.

ఈ పాఠానికి ఉదాహరణ, హైదరాబాదు ఛత్తా బజారులో శుభలేఖలు అచ్చువేసే ఒక ప్రెస్సులో పనిచేసిన మా మేనమామ దాచిన ఫ్లాపీ. అందులో తెలుగు కూర్చే ఒక డాస్ (విండోస్‌కు ముందు కాలపు ఆపరేటింగ్ సిస్టమ్) ప్రోగ్రామూ, దానితో తయారైన శుభలేఖల ఫైళ్ళూ ఉన్నాయి. ఆ ఫైళ్ళను ఇప్పటి ఎడిటరులో తెరిస్తే ఒక్క తెలుగు అక్షరమూ కనబడదు, ఎందుకంటే ఆ ప్రోగ్రాము ప్రతి గుణింతానికీ ఒత్తుకూ తన సొంత సంకేతాలనే వాడుకుంది. ప్రోగ్రాము పోతే ఆ శుభలేఖలూ పోయినట్టే. అందుకే మన భాషలో ఈ పని ఆటలను కాపాడటం కన్నా అత్యవసరమని నేను నమ్ముతాను.

ఇమేజిలోని ఫైళ్ళను 7-జిప్ అనే ప్రోగ్రాముతో బయటికి తీయండి. వాటితోపాటు డాస్‌బాక్స్ (ఇప్పటి కంప్యూటరులో డాస్ కాలపు కంప్యూటరును అనుకరించే ఎమ్యులేటరు) అమరిక ఫైలును చేర్చి, ప్రోగ్రామును దానంతటదే మొదలుపెట్టే ఆదేశాలను అందులో రాసి, అన్నిటినీ ఒక జిప్‌గా కట్టాలి. బ్రౌజరులో దీన్ని నడిపేది జేఎస్-డాస్. అది వెబ్ అసెంబ్లీలోకి, అంటే బ్రౌజరు నడపగల రూపంలోకి, మార్చిన డాస్‌బాక్సే. జేఎస్-డాస్‌తో ఆ జిప్‌ను నడిపే వెబ్ పేజీని ఫోల్డరులో నేరుగా నొక్కి తెరిస్తే భద్రతా నియమాల వల్ల బ్రౌజరు జిప్‌ను చదవనివ్వదు కాబట్టి, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతోపాటే వచ్చే చిన్న వెబ్ సర్వరును ఆ ఫోల్డరులో నడిపి, దాని ద్వారా తెరవండి.

తెర మీద ప్రోగ్రాము కనబడగానే పని అయిపోలేదు. కర్సరు కళ్ళకు అందనంత వేగంగా పరుగెత్తితే అమరిక ఫైలులో, ప్రోగ్రాము ఎంత వేగంగా నడవాలో చెప్పే సైకిల్స్ విలువను 3000 దగ్గర పెట్టి, అక్కడినుంచి కొద్దికొద్దిగా మార్చి చూడండి. కంట్రోల్, డబ్ల్యూ మీటలను కలిపి నొక్కడం డాస్ కాలపు ఎడిటర్లలో మామూలే గాని, బ్రౌజరులో అది ట్యాబునే మూసేస్తుంది. ఎమ్యులేటరులో మీరు చేసిన మార్పులు అసలు ఇమేజిని తాకవు. విడిగా భద్రపరచకపోతే ట్యాబుతోపాటే పోతాయి.

కొన్ని తెలుగు ప్రోగ్రాములు మాత్రం ఎంత చేసినా ఇలా పలకవు. డాస్ రోజుల్లో భారతీయ లిపులను తెర మీద చూపించడానికి ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాక్ వారి జిస్ట్ కార్డును కంప్యూటరులో బిగించేవారు. అక్షరాలను గీసే పని ఆ కార్డుదే. డాస్‌బాక్స్‌లో ఆ కార్డు లేదు కనుక అలాంటి ఫైలు తెరిస్తే గీతలూ గడులూ గ్రీకు అక్షరాలూ కనబడతాయి. అయినా నిరాశ అక్కరలేదు, ఎందుకంటే ఆ ఫైలు ఇస్కీ (భారతీయ లిపుల సంకేతాల పాత ప్రమాణం)లో ఉంటే, ఇప్పుడు అందరూ వాడే యూనికోడ్‌లోకి తేలికగా మార్చవచ్చు. యూనికోడ్ తెలుగు పట్టిక అమరికే ఇస్కీ నుంచి వచ్చింది. నిజంగా కష్టమైనవి మా మేనమామ ఫ్లాపీలో ఉన్నటువంటి సొంత సంకేతాల ఫైళ్ళే.

చట్టం సంగతి ఒక్క మాటలో: 1957 కాపీరైటు చట్టంలోని 52వ సెక్షను, ప్రోగ్రాము చట్టబద్ధంగా తమ దగ్గర ఉన్నవారికి నష్టం నుంచి రక్షణగా నకలు తీసుకునే వీలు ఇస్తుంది గాని, దాన్ని ఊరందరికీ పంచిపెట్టే హక్కు ఇవ్వదు. కాబట్టి ఈ పేజీని మీ కంప్యూటరులోనే ఉంచండి.

అభ్యాసం: మీ దగ్గరున్న ఒక ఫ్లాపీని పైవిధంగా బ్రౌజరులో నడిపి, అందులోని ఒక పత్రాన్ని తెరిచి, తెర బొమ్మను, వాడిన సైకిల్స్ విలువను, మొదట రాసుకున్న ఎస్‌హెచ్‌ఏ-256 విలువను ఒకే ఫోల్డరులో పెట్టండి. నాలుగవ పాఠంలో ఆ తెర బొమ్మ పక్కనే ఫైలులోని బైట్లను పెట్టుకుని, ఏ సంకేతం ఏ అక్షరమో పట్టిక తయారుచేద్దాం.