ఐపీఎల్ వదిలేయండి, ఊరి కబడ్డీ పట్టుకోండి

తెలుగులో స్పోర్ట్స్ ఛానల్ పెడతానని ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది ఒక్కటే: ఏ ఆట? ఐపీఎల్ అంటే వద్దనే చెప్తాను. 2023–27 సీజన్ల ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడుపోయాయి. అంత డబ్బు పోసినవాళ్లు మీ క్లిప్పును చూసీచూడనట్టు వదిలేయరు. 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు, అంటే హక్కుదారు ఫిర్యాదు మీద పడే హెచ్చరికలు, పడితే యూట్యూబ్ ఛానలే ఎత్తేస్తుంది.

మా ఛానల్ నడిచేది ఊరి కబడ్డీ మీద. సంక్రాంతికి, తిరునాళ్లకు టోర్నమెంట్లు పెట్టే కమిటీ వాళ్లను ముందే కలిసి, లైవ్ హక్కు మనకేనని కాగితం మీద రాయించుకోండి. "మా మాట మీద నమ్మకం లేదా తమ్ముడూ?" అంటారు. నవ్వుతూనే సంతకం పెట్టించుకోండి. ఫైనల్ రోజు ఇంకో ముగ్గురు స్టాండ్లు వేసుకుని దిగుతారు.

మంచి ఫోను, స్టాండు, కాలర్ మైకు, పవర్ బ్యాంకు, రెండు వేర్వేరు కంపెనీల సిమ్ములు చాలు. కెమెరా మాత్రం ఎత్తులో ఉండాలి, ట్రాక్టర్ ట్రాలీ దొరికితే ఇంకేం. గొడవంతా బోనస్ గీత దగ్గరే. బోనస్ పాయింటు రావాలంటే, అవతల ఆరుగురు లేదా ఏడుగురు ఉన్నప్పుడు కూతకు వెళ్లినవాడి ఒక కాలు గీత దాటాలి, రెండోది గాల్లో ఉండాలి. కింద నుంచి తీస్తే ఆ రెండో కాలు కనపడదు. కామెంట్లలో మిమ్మల్నే తిడతారు.

ఇంకో తలనొప్పి డీజే. సినిమా పాట లైవ్‌లో వినపడిందంటే ఆ పాట మాదని క్లెయిమ్ వచ్చిపడుతుంది, యాడ్ డబ్బులు పాట హక్కుదారుకు పోతాయి. ఆట నడిచేటప్పుడు పాటలు ఆపాలని ఆ కాగితంలోనే రాయించండి.

స్కోరర్ పక్కన కూర్చుని ఆటగాళ్ల పేర్లు ఇంటిపేరు, ఊరితో సహా రాసుకోండి. మంచి కూతలను ఆ రాత్రికే కట్ చేసి, పేరు వేసి, టీమ్ వాట్సాప్ గ్రూపులో పడేయండి. మేనమామల దగ్గర్నుంచి క్లాస్‌మేట్ల దాకా వాళ్లే తిప్పుతారు. మా ఛానల్ పెరిగింది ఇలాగే.

సీజన్ లేనప్పుడు జిల్లా అథ్లెటిక్స్ మీట్లకు వెళ్లండి. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్లలో కాంస్యం తెచ్చాక అందరూ ఆ ఊరికి పరిగెత్తారు. అలాంటి అమ్మాయి పాత పరుగు మీ హార్డ్ డిస్క్‌లో ఉంటే ఆరోజు మీరే రాజు. పిల్లలను తీస్తే తల్లిదండ్రులను అడిగే తీయండి.

యూట్యూబ్ యాడ్ డబ్బులకు వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి. వచ్చినా అది టీ ఖర్చే. అసలు రాబడి స్కోరు పట్టీలో పేరు వేయించుకునే ఎరువుల షాపు, బట్టల షాపుల నుంచి వస్తుంది. సగం అడ్వాన్స్ తీసుకోండి, పండగ వెళ్లాక ఎవరూ ఫోన్ ఎత్తరు.

ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ నమోదు, ఉచితం, చేయించుకోండి. ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ అక్కర్లేదు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టే సంగతి, పెట్టుబడి పెట్టేవాడు ఎదురుగా కూర్చున్నప్పుడు చూసుకోవచ్చు.