ఏ దేశంల ఎంతమంది ఆడోళ్లు లీడర్లు? చార్ట్ ఎట్ల చేసుకోవాలె

మార్చి 8 దగ్గరికొస్తుందంటే మా హన్మకొండ కాలేజీలల్ల ఒకటే టాపిక్, రాజకీయాలల్ల మహిళలు. ఎలొక్యూషనో చార్ట్ ప్రెజెంటేషనో పెడ్తరు, పిల్లలేమో గూగుల్‌ల కొట్టి ముందుగాల వచ్చిన నాలుగు లైన్లు రాస్కొని పోతరు. మా అక్క బిడ్డ గూడ పోయినేడు గట్లనే పోయింది. చార్ట్ నడిమిట్ల ఎర్ర స్కెచ్‌తోటి పెద్దగ సిరిమావో బండారనాయకే, శ్రీలంక, 1960, ప్రపంచంల మొట్టమొదటి మహిళా ప్రధాని అని రాసింది, మంచిగనే మాట్లాడింది, అంతా అయినంక జడ్జి మేడమ్ ఒక్కటే అడిగింది, "మరి గా శ్రీలంక పార్లమెంట్‌ల ఎంతమంది ఆడోళ్లున్నరమ్మా?" అని. పిల్ల నోట్లకెల్లి మాట రాలే.

ఇంటికొచ్చి "గదెవరడుగుతరు చిన్నమ్మా" అని ఒకటే ఏడుపు. ఇద్దరం కూసొని చూసినం. 2020 ఎన్నికలల్ల 225 సీట్లుంటే 12 మందే. 2024ల జర పెరిగిన్రు గానీ పదో వంతు గూడ కాలే. మొదటి మహిళా ప్రధానిని ఇచ్చిన దేశం ఇది! ఇగ ఈసారి చార్ట్ మొత్తం మళ్లా మొదటికెల్లి చేసినం, ఎట్ల చేసినమో రాస్తున్న, ఎవరికన్న పనికొస్తదని.

మొదటి పని, చార్ట్ మీద రెండు గడులు గీయుర్రి. ఒకటి కుర్చీ, రెండోది బెంచీలు. కుర్చీ అంటే ప్రధానో ప్రెసిడెంటో, బెంచీలంటే పార్లమెంట్‌ల కూసునేటోళ్లు. ఈ రెండు కలిపితేనే లెక్క ఖరాబైతది. మనకు ఇందిరాగాంధీ 1966లనే ప్రధాని అయింది, పాకిస్తాన్‌ల బేనజీర్ 1988ల, బంగ్లాదేశ్‌ల ఖలీదా జియా 1991ల. అటు స్వీడన్ చూస్తే 1994 నుంచే పార్లమెంట్‌ల నూటికి నలభై మంది ఆడోళ్లు, కానీ మహిళా ప్రధాని రావడానికి 2021 దాక పట్టింది, మగ్దలీనా అండర్సన్. జపాన్‌ల 2025 అక్టోబర్‌ల సనయే తకాయిచి మొదటి మహిళా ప్రధాని అయితే, 2024ల ఎన్నికైన కింది సభల 465కు 73 మందే ఆడోళ్లు, వాళ్లకు గదే రికార్డు మళ్ల! అమెరికాల అయితే కుర్చీ గడి ఖాళీనే, కమలా హారిస్ 2021ల వైస్ ప్రెసిడెంట్ దాక వచ్చింది. మన దిక్కు పెద్ద కుటుంబాలకెల్లి బిడ్డనో భార్యనో వచ్చి కుర్చీ ఎక్కుతది, ఎన్క బెంచీలేమో ఎప్పటిలెక్కనే ఉంటయ్, నాకైతే గట్లనే అనిపిస్తది.

ఇగ నంబర్లు ఎక్కడికెల్లి తీస్కోవాలె అంటే, జెనీవాల ఇంటర్ పార్లమెంటరీ యూనియన్ అని ఉంది, దాని పార్‌లైన్ అనే సైట్‌ల దేశాలన్నిటివి వరుసగ ఉంటయ్. దాంట్ల రెండు సభలు ఏరేఏరే ఉంటయ్, మీరు కింది సభదే పట్టుకోర్రి, మనకైతే లోక్‌సభ, ఒక దేశానిది కింది సభ ఇంకో దేశానిది పై సభ పెట్టి పోలిస్తే అది పోలికే కాదు. పర్సెంటేజ్ ఒక్కటే రాయకుర్రి, ఎంతల ఎంత అని రాసి పక్కకు పర్సెంటేజ్ రాయుర్రి. 2024 లోక్‌సభకు 543ల 74, అంటే 13.6 శాతం. 2019ల 78 మంది గెలిచిన్రు, అంటే పెరుగుడు కాదు నలుగురు తగ్గిన్రు, ఎంతల ఎంత అని రాసుకుంటెనే గిది కండ్లకు కనపడ్తది.

ఎన్నికలైన తెల్లారి వార్తలు నమ్మకుర్రి. దీంట్ల తప్పు నాదే, దాపెట్టుడెందుకు. ఐస్‌లాండ్‌ల సగం కంటే ఎక్కువ ఆడోళ్లే అని నేనే ధైర్యంగ రాయించిన. 2021 సెప్టెంబర్‌ల ఎన్నికలైనంక 63ల 33 మంది ఆడోళ్లని, యూరప్‌లనే ఫస్ట్ అని ప్రపంచమంత వార్తలొచ్చినయ్ నిజమే, కానీ గంటలల్లనే ఒక నియోజకవర్గంల మళ్లా లెక్కపెడితే సీట్లు అటిటు అయి 30కి పడ్డయ్. నేను చదివింది పొద్దటి వార్త, సాయంత్రంది చూడలే. వైట్నర్ పెట్టి దిద్దినం, మరక ఇప్పటికీ ఉంది.

అసలు కత మూడో గడిల ఉంటది, వీళ్లు ఏ దారిల వచ్చిన్రు అన్నది. నంబర్ ఎవరైనా రాస్తరు, దారి రాసినోళ్లకే మార్కులు.

మొదటి దారి, సీట్లే ఆడోళ్లకు రిజర్వు చేసుడు. రువాండా తీస్కోర్రి, లిస్టుల పైన ఉండేది గదే. 1994ల అక్కడ నరమేధం జరిగింది, లక్షల మంది పోయిన్రు, తర్వాత దేశం మళ్లా కట్టుకునేటప్పుడు 2003 రాజ్యాంగంల నిర్ణయాలు తీసుకునే చోట్ల కనీసం 30 శాతం మహిళలుండాలె అని రాసుకున్నరు. కింది సభల 80 సీట్లు, దాంట్ల 24 ఆడోళ్లకే. 2008ల సగం దాటి, ఆడోళ్లు ఎక్కువున్న మొదటి పార్లమెంట్ అయింది. 2024ల 80కి 51, అంటే 63.75 శాతం. ఇక్కడ ఒక చిన్న లెక్క చేయుర్రి, ఫోన్ కాలిక్యులేటర్ చాలు. 51లకెల్లి రిజర్వుడు 24 తీసేస్తే 27. మిగిలిన సీట్లు 56. అంటే ఆడోళ్లకు రిజర్వు కాని సీట్లల్ల గూడ దగ్గర దగ్గర సగం వాళ్లే. మా పిల్ల ఈ లెక్క తేలంగనే కింద పరిచిన చార్ట్ మీదికి వంగి 48 శాతం అని గుండ్రంగ సున్న చుట్టింది. అట్లని అంత గొప్పగ గూడ చెప్పకుర్రి, అక్కడ చాన ఏండ్ల నుంచి ప్రెసిడెంట్ కగామే పార్టీదే నడుస్తది, పార్లమెంట్‌ల ఎంతమంది ఉన్నరు అనేది ఏరే, ఆ పార్లమెంట్ మాట ఎంత నడుస్తది అనేది ఏరే.

రెండో దారి, సీట్లు కాదు టికెట్లల్ల కోటా. అర్జెంటీనా 1991ల మొదలుపెట్టింది. మెక్సికో 2014ల రాజ్యాంగంలనే సగం సగం టికెట్లని రాసి, ఓడిపోయే సీట్లన్నీ ఆడోళ్లకు అంటగట్టుడు గూడ బంద్ పెట్టింది, 2021కి కింది సభ సగం సగం అయింది, 2024ల క్లాడియా షేన్‌బామ్ ప్రెసిడెంట్ గూడ అయింది. బ్రెజిల్‌ల గూడ 30 శాతం టికెట్ల చట్టం ఉంది మరి, 2022ల 513ల 91 మందే గెలిచిన్రు, పేరుకు నామినేషన్ ఏపిచ్చి పైసలియ్యకుండ, ప్రచారం చెయ్యకుండ వదిలేస్తే గెలుస్తరా? మూడో దారి పార్టీలే సొంతంగ ఇచ్చుడు, స్వీడన్‌ల లెక్క, గీ దారి మన పార్టీలల్ల చాన తక్కువ కనపడ్తది.

మన దేశం గడిల ఇది రాయుర్రి. మహిళా బిల్లు మొదట పెట్టింది 1996ల, రాజ్యసభ పాస్ చేసింది 2010ల, రెండు సభలు పాస్ చేసింది 2023 సెప్టెంబర్‌ల, 106వ సవరణ. జనాభా లెక్కలు, ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజన అయినంకనే అమలు అని ఆ చట్టంలనే రాసిన్రు. 543ల మూడో వంతంటే 181, 2024ల గెలిచింది 74. ఈ రెండు నంబర్లు పక్కపక్కకు పెడితే ఇగ వేరే ఏం చెప్పనక్కర్లే.

మన ఇంటి లెక్క మర్చిపోవద్దు. తెలంగాణకు 17 ఎంపీ సీట్లల్ల 2024ల ఇద్దరే, మన వరంగల్ల కడియం కావ్య, మహబూబ్‌నగర్ల డీకే అరుణ. 2023 అసెంబ్లీకి 119ల 10 మంది, దాంట్ల మన దిక్కువాళ్లే ములుగు సీతక్క, వరంగల్ తూర్పు కొండా సురేఖ, పాలకుర్తి యశస్విని రెడ్డి. పంచాయతీలల్ల సగం మనోళ్లే ఉన్నా ఫ్లెక్సీ మీద సర్పంచమ్మ ఫోటో కంటే సర్పంచి మొగనిది పెద్దగుంటది, అది చార్ట్‌కు ఎక్కది గానీ అడిగితే చెప్పొచ్చు.

మంత్రుల సంగతి ఒక్క లైన్ చాలు. ఎంతమంది అని కాదు, ఏ శాఖ అని చూడుర్రి, చాన దేశాలల్ల ఆడోళ్లకు మహిళా శిశు సంక్షేమమే చేతిల పెడ్తరు. మన దగ్గరైతే 2014ల వచ్చిన తెలంగాణ మొదటి కేబినెట్‌ల ఒక్క ఆడ మంత్రి గూడ లేకుండె.

ఇగ చెప్పుడు. ఓరుగల్లు పిల్లలు రుద్రమదేవితోటి మొదలుపెడ్తరు, పెట్టుర్రి, ఒక్క వాక్యం, గంతే, ఐదు నిమిషాలల్ల మూడు నిమిషాలు ఆమెకే పోతే మెక్సికో ఎప్పుడు చెప్తరు? పర్సెంటేజీలు వింటుంటే ముందు వరుసల కూసున్నోళ్లకే నిద్రొస్తది, అందుకే మేం బస్సు పెట్టినం. ఫ్రీ బస్సు వచ్చినంక మన బస్సులల్ల ఆడోళ్లే నిండిపోతున్నరు కదా, గా బస్సుకు 50 సీట్లనుకోర్రి. లోక్‌సభ బస్సుల ఆడోళ్లు ఏడుగురు. రువాండా బస్సుల 32. శ్రీలంక 2020 బస్సుల ముగ్గురు. శ్రీలంక డ్రైవర్ సీట్ల 1960లనే ఆడామె కూసుంది అని చెప్పంగనే హాల్ అంత నవ్విన్రు, జడ్జి మేడమ్ గూడ నవ్వింది, ఆమె ఈసారి శ్రీలంక అడగలే, నేపాల్ అడిగింది. అది మేం రాస్కోలే. మీరు రాస్కోర్రి, 2015 రాజ్యాంగం ప్రకారం అక్కడ పార్లమెంట్‌ల మూడో వంతు మహిళలుండాలె, అదే ఏడు బిద్యా దేవి భండారీ మొదటి మహిళా ప్రెసిడెంట్ అయింది.