హరికేన్ కాలం, పెంపుడు జంతువులు – మూడో పాఠం: పిల్లిని పెట్టెకు అలవాటు చేయడం

గత పాఠంలో మెడపట్టీ, చిప్పు, టీకా పత్రాల సంగతి చూశాం. చిప్పు సంఖ్య మీ ఇప్పటి ఫోను నంబరుతో నమోదై ఉందో లేదో ఇంకా చూడనివారు ముందు ఆ పని పూర్తి చేయండి. చర్మం కింద పెట్టించే, బియ్యపు గింజంత ఉండే ఆ చిప్పు పిల్లి ఎక్కడుందో చెప్పదు. దొరికిన పిల్లి ఎవరిదో మాత్రమే చెబుతుంది, అదీ నమోదు సరిగ్గా ఉంటేనే.

ఈసారి పిల్లిని మోసుకెళ్లే పెట్టె. ఒక పాఠమంతా దీనికే కేటాయించడానికి నా అనుభవమే కారణం. 2024 జులై 8న బెరిల్ హరికేన్ హ్యూస్టన్ మీదుగా వెళ్లినప్పుడు ఇరవై లక్షలకు పైగా ఇళ్లకూ దుకాణాలకూ కరెంటు పోయింది. అసలే టెక్సస్ ఎండాకాలం. రెండో రోజుకే ఇంట్లో ఉండలేకపోయాం. కరెంటు ఉన్న స్నేహితుల ఇంటికి బయల్దేరుదామని అటక మీది పెట్టె దించానో లేదో, పిల్లి మంచం కిందికి దూరింది. దాన్ని బయటికి తీయడానికి గంటన్నర పట్టింది, ముంజేతులు రక్తమయ్యాయి. దాని తప్పేమీ లేదు. ఆ పెట్టె దించినప్పుడల్లా సూది వేయించడానికే తీసుకెళ్లేవాళ్లం మరి.

కాబట్టి మొదటి పని: పెట్టెను అటక మీది నుంచి దించి, మళ్లీ పైకి ఎక్కించకండి. పిల్లి నిలబడి, వెనక్కి తిరిగి, పడుకోగలిగినంత ఉండాలి. గట్టి ప్లాస్టిక్‌తో చేసి, పైభాగం విడదీయగలిగేది మేలు. రెండు పిల్లులుంటే రెండు పెట్టెలు. మామూలుగా ఒకే చోట ముడుచుకుని పడుకునేవి కూడా భయంలో ఒకదాన్నొకటి రక్కుకుంటాయి.

పైభాగం తీసేసి, అడుగు భాగంలో పిల్లి రోజూ పడుకునే పాత దుప్పటి పరచి, హాల్లో ఒక మూల పెట్టండి. ఉతికిన దుప్పటి వద్దు, దాని వాసన ఉన్నదే కావాలి. ఎత్తి లోపల కూర్చోబెట్టకండి. నాలుగైదు రోజులు తిండి గిన్నె పెట్టె పక్కనే పెట్టి, తర్వాత లోపలికి జరపండి. తడబడకుండా తింటోందంటే పైభాగం బిగించండి, తలుపు మాత్రం ఇంకా పెట్టవద్దు.

తలుపు దగ్గరే అందరూ తొందరపడతారు. మొదటి రోజు తింటుండగా మూసి, అయిదు సెకన్లలో తెరవాలి. తినడం ఆపకముందే తెరవాలన్నది నియమం. మర్నాడు పది సెకన్లు, ఆ పైన అర నిమిషం. అరిచిందంటే మీరు తొందరపడ్డారన్నమాట. రెండు మెట్లు దిగి మళ్లీ మొదలుపెట్టండి. మా పిల్లి ఈ ఒక్క మెట్టు మీదే పన్నెండు రోజులు కూర్చుంది.

తర్వాత ఎత్తడం. పైన పిడి ఉందని సంచిలా ఊపుతూ తీసుకెళ్లకండి, రెండు చేతులతో అడుగున పట్టుకోండి. ఇల్లంతా ఒకసారి తిప్పి దించండి. ఆ పైన ఆగి ఉన్న కారు, ఇంజను నడుస్తున్న కారు, వీధి చివరిదాకా ప్రయాణం. పెట్టెను ముందు సీటు వెనుక నేలమీద కదలకుండా పెట్టి, పైన తువ్వాలు కప్పితే చాలా పిల్లులు నెమ్మదిస్తాయి.

సాధన సగంలో ఉండగానే తుపాను వస్తే? తుపాను గాలులు తాకవచ్చనుకున్న సమయానికి సుమారు 48 గంటల ముందు హరికేన్ వాచ్, అంటే తుపాను రావచ్చన్న ముందస్తు హెచ్చరిక, ప్రకటిస్తారు. అది వినగానే పిల్లిని, పెట్టెను, అది మలమూత్రాలకు వాడే మట్టి తొట్టెను స్నానాల గదిలో పెట్టి తలుపు వేయండి. అక్కడ దూరడానికి మంచం ఉండదు. చివరికి ఏదీ కుదరకపోతే దిండు గలీబు పనికొస్తుంది, కానీ దాన్ని నమ్ముకుని సాధన మానకండి.

శిబిరానికి వెళ్లాల్సి వచ్చినా పెట్టె కావాలి. 2005లో కత్రినా హరికేన్ వచ్చినప్పుడు జంతువులను వదిలి రాలేక ఎందరో ఇళ్లలోనే ఉండిపోయారు. ఆ అనుభవంతో 2006లో వచ్చిన అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం రాష్ట్ర, స్థానిక తరలింపు ప్రణాళికల్లో పెంపుడు జంతువులకూ చోటు ఉండాలి. అయినా ప్రతి శిబిరమూ తీసుకోదు, తీసుకునేవి సాధారణంగా పెట్టె, టీకా పత్రం అడుగుతాయి.

కుక్కలున్నవారికి ఒక్క మాట. మన కోస్తా ఊళ్లలో ముంపు వస్తుందంటే పశువుల పలుపులు విప్పేస్తారు, ఈది బతుకుతాయని. కుక్కను అలా విప్పి వదిలినా కాపాడినట్టు కాదు, కట్టేసి వెళ్లడం అంతకన్నా ఘోరం. 2024 అక్టోబరులో మిల్టన్ హరికేన్ రాకముందు ఫ్లోరిడాలో హైవే పక్కన కంచెకు కట్టేసి, ఛాతీలోతు నీళ్లలో వదిలేసిన కుక్కను గస్తీ పోలీసు కాపాడాడు. దానికి ట్రూపర్ అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది ఆ పేరుతోనే చట్టం తెచ్చి, అలా కట్టేసి పోవడాన్ని అక్కడ తీవ్ర నేరంగా మార్చారు.

ఇంటిపని: ఈ రాత్రే పెట్టె దించి దుప్పటి పరచండి. రోజూ పిల్లి ఎంతసేపు లోపల ఉందో గోడ క్యాలెండరు మీద రాసుకోండి. వచ్చే పాఠంలో గంటల తరబడి కదలని ట్రాఫిక్‌లో ఎండనూ దాహాన్నీ ఎలా దాటించాలో చూద్దాం. అప్పటికి మీ పిల్లి మూసిన తలుపు వెనుక ఒక నిమిషం తింటూ ఉండగలిగితే చాలు.